ఎన్ని గంటల దుమ్ము?
(భిలాయి దగ్గర రిసాలిలో జరిగిన మాస్టారి స్మారకోపన్యాసం, అచ్చుప్రతి)



మాస్టారి పేరుతో ఏటా ఒక ఉపన్యాసం పెట్టాలని ఆయన శిష్యులు అనుకున్నప్పుడు మొదట అడ్డొచ్చింది ఆయన మాటే. "బేనరు మీద నా పేరు వేయొద్దు, ఫొటోకి దండ వేయొద్దు. అంతగా ఉంటే ఎవరి చేతనైనా ఒక లెక్క చేయించండి" అని బతికుండగానే చెప్పిపెట్టారు. అందుకే మీకు పంచిన కాగితం మీద మాస్టారు అని మాత్రమే ఉంది. ఈ వాడలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి ఆ మాట చాలు. లెక్క చేసే పని ఈసారి నా మీద పడింది.

లెక్క ఇది. శుభ్రంగా ఉన్న లోహపు ముఖం ఎంతసేపు శుభ్రంగా ఉంటుంది?

ఉక్కు ప్లాంటున్న మన భిలాయిలో పెరిగినవాళ్లకి ఈ ప్రశ్న కొత్త కాదు. పొద్దున తీగ మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగుకు వచ్చేదో మీకు తెలుసు. అమ్మ పొద్దున తుడిచిన బల్లని మధ్యాహ్నం మళ్లీ తుడిచేది. మాస్టారు మా ఇంటికొస్తే ఆ బల్ల మీద వేలితో గీత గీసి, "ఏటిరా, ఇది ఎన్ని గంటల దుమ్ము?" అని అడిగేవారు. ఎంత దుమ్మని అడిగేవారు కాదు. ఎన్ని గంటల దుమ్మని అడిగేవారు. తర్వాత నా ఉద్యోగమంతా వాక్యూమ్ చాంబర్ల మధ్యనే గడిచింది, అక్కడ నేను వేసుకున్న ప్రశ్నా అదే.

ముందు మనం కూర్చున్న ఈ హాలు సంగతి చూద్దాం. ఇక్కడి గాలి కదలనట్టు కనిపిస్తుంది. అందులో నైట్రోజన్ అణువు సగటున సెకనుకు 470 మీటర్ల వేగంతో పోతోంది. కానీ ఎంత దూరమని? మిల్లీమీటరులో పదిహేను వేలో వంతు పోయేసరికి ఇంకో అణువు తగులుతుంది, దారి మారుతుంది. సంతలో మనిషి పరుగెత్తినట్టన్నమాట. కాళ్లు ఆగవు, కానీ ముందుకు పోయేది తక్కువ. వాయువు ఒత్తిడి అంటే గోడకు తగిలే ఈ చిన్నచిన్న దెబ్బల మొత్తమేనని 1738లోనే డేనియల్ బెర్నూలీ రాశాడు. ఆ అణువులన్నీ ఒకే వేగంతో పోవనీ, వాటి వేగాలు ఎలా పంచుకుని ఉంటాయో లెక్క కట్టవచ్చనీ 1860లో మాక్స్‌వెల్ చూపించాడు. వాయువుల గతి సిద్ధాంతంలో మనకు కావలసింది ఆ లెక్కలోంచి వచ్చే ఒక్క ముక్క. చదరపు సెంటీమీటరు ముఖం మీద సెకనుకు ఎన్ని అణువులు తగులుతాయి? ఒక ఘన సెంటీమీటరులో ఉన్న అణువుల సంఖ్యను సగటు వేగంతో గుణించి నాలుగో వంతు తీసుకోండి. అంతే. మాస్టారు ఈ నాలుగో వంతు ఎందుకొచ్చిందో చెప్పకుండా ఎవరినీ ఇంటికి పంపేవారు కాదు. సగం అణువులు ముఖానికి దూరంగా పోతుంటాయి, మిగతా సగం ఏటవాలుగా వస్తాయి కాబట్టి వాటి వేగంలో సగమే లెక్కకొస్తుంది. సగంలో సగం.

ఇప్పుడు అంకెలు వేద్దాం. ఈ హాల్లో చదరపు సెంటీమీటరు మీద సెకనుకు పడే అణువులు సుమారు 290 కోట్ల కోట్ల కోట్లు. అదే చదరపు సెంటీమీటరు లోహపు ముఖం మీద పక్కపక్కన పేర్చితే పట్టే అణువులు పది కోట్ల కోట్లు. ఒక పొర నిండటానికి ఎంతసేపు? సెకనులో ముప్పై కోట్లో వంతు. తగిలిన ప్రతి అణువూ అంటుకుంటుందనుకుంటే వచ్చే అంకె ఇది. అన్నీ అంటుకోవు గానీ, చాలా లోహాల మీద ఆక్సిజన్, నీటి ఆవిరి బాగానే అంటుకుంటాయి. కాబట్టి మన కంటికి తళతళలాడే స్టీలు గిన్నె భౌతికశాస్త్రం లెక్కలో ఎన్నడూ శుభ్రంగా లేదు. తోమిన మరుక్షణమే దాని ముఖం వేరే.

గాలి తీసేయాలి మరి. ఎంత తీయాలి? పాదరసపు మట్టంలో ఒక మిల్లీమీటరుకు సమానమైన ఒత్తిడిని టొరిసెల్లీ పేరు మీద టార్ అంటారు. మన చుట్టూ గాలి ఒత్తిడి 760 టార్. టార్‌లో పది లక్షల్లో వంతు దాకా దించితే సెకనుకు దాదాపు నాలుగు కోట్ల కోట్ల అణువులు పడతాయి, రెండున్నర సెకన్లలో పొర నిండుతుంది. వినడానికి గొప్ప శూన్యమే. కానీ ఒక ప్రయోగం మొదలుపెట్టేందుకైనా ఆ రెండున్నర సెకన్లు చాలవు. ఇంకా పదివేల రెట్లు దించి, టార్‌లో వెయ్యి కోట్లో వంతుకు తీసుకెళ్తే పొర నిండటానికి ఏడు గంటలు పడుతుంది. ఒక షిఫ్టు పని దొరికినట్టు. వాక్యూమ్ పనివాడు కొనుక్కునేది శూన్యం కాదు, ఆ ఏడు గంటలు.

ఆ ఒత్తిడిలో కూడా ఘన సెంటీమీటరుకు 32 లక్షల అణువులు మిగిలే ఉంటాయి. శూన్యమనే మాట వినగానే మనకు ఏమీ లేదనిపిస్తుంది. అది తత్త్వవేత్తల శూన్యం, పంపులు పెట్టే శూన్యం కాదు. ఆ 32 లక్షల అణువుల్లో ఒకటి ఇంకొకదాన్ని గుద్దుకోవాలంటే సగటున 500 కిలోమీటర్లు పోవాలి. మన రాయపూర్ నుంచి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విశాఖకు రైలు ఎంత దూరం పోతుందో ఇంచుమించు అంత. మనలో చాలామంది పెద్దలు ప్లాంటులో పనికి వచ్చిన దారే అది. అరమీటరు డబ్బాలో ఉన్న అణువు అంత దూరం పోవాలంటే ఈలోగా గోడలను పది లక్షల సార్లకు పైగా తాకుతుంది. అంటే అక్కడ అణువుకు అణువుతో పరిచయమే లేదు. దానికి తెలిసినవి గోడలే.

ఈ మాటలోంచి రెండు సంగతులు పుడతాయి. మొదటిది పంపు గురించి. పంపు గాలిని పీలుస్తుందని అందరం అనుకుంటాం. మామూలు ఒత్తిడిలో నిజమే, ముందున్న గాలి పోతే వెనకున్నది తోసుకొస్తుంది. లోతైన శూన్యంలో తోసేవాళ్లు లేరు. అణువు తనంతట తాను తిరుగుతూ తిరుగుతూ పంపు నోట్లో పడాలి. పంపు చేసేదల్లా పడినదాన్ని వెనక్కి పోనివ్వకపోవడం. చదరపు సెంటీమీటరు రంధ్రంలోంచి సెకనుకు పోగలిగేది సుమారు 12 లీటర్లు, అంతకుమించి ఏ కంపెనీ పంపూ లాగలేదు. ఇందాకటి నాలుగో వంతు సూత్రమే ఈ హద్దు గీసింది.

ఇది పుస్తకంలో చదివీ నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెకనుకు 500 లీటర్ల పంపును గది మూలన పెట్టి, చాంబరుకు మీటరు పొడవు, అంగుళం వెడల్పు గొట్టంతో కలిపాను. గొట్టం చూడ్డానికి పొందికగా ఉంది. రెండు రోజులు నడిపినా ఒత్తిడి దిగలేదు. లీకుందేమోనని ప్రతి బోల్టూ బిగించాను. మూడో రోజు కాగితం తీసి లెక్క వేస్తే ఆ గొట్టం చివర మిగిలిన వేగం సెకనుకు రెండు లీటర్లు కూడా లేదు. గొట్టంలోకి వచ్చిన అణువు గోడ నుంచి గోడకు కొట్టుకుని చాలామటుకు వచ్చిన దారినే తిరిగిపోతోంది. గొట్టం వెడల్పు రెట్టింపు చేస్తే దారి ఎనిమిది రెట్లు తెరుచుకుంటుంది. ఆ సంగతి పంపు కొనకముందు చూసుకోవలసింది. మాస్టారికి ఉత్తరం రాస్తే జవాబు కార్డు మీద ఒకే వాక్యం వచ్చింది. లెక్క తర్వాత బిగింపు, బిగింపు తర్వాత లెక్క కాదురా అని.

రెండో సంగతి గోడల గురించి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ పనిలో దిగినవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. అరమీటరు గుండ్రటి చాంబరు లోపలి గోడల మీద ఒకే ఒక్క పొర నీరు ఉందనుకోండి. కంటికి కనపడదు, చేతికి తగలదు. ఆ పొర మొత్తం ఒక్కసారి ఆవిరై లేస్తే లోపలి ఒత్తిడి టార్‌లో వెయ్యి పాళ్లకు నాలుగు పాళ్లవుతుంది. మనకు కావలసినదానికి సుమారు నాలుగు కోట్ల రెట్లు. అసలు గోడల మీద ఉండేది ఒక్క పొరా కాదు. డబ్బాలో ఉన్న గాలిని తీయడం గంటల పని. గోడలకు పట్టిన నీటిని వదిలించడం రోజుల పని.

నీరు కదలని చుట్టం. లోహపు గోడ మీద ఒక మోస్తరు గట్టిగా పట్టుకున్న నీటి అణువు గది వేడిమిలో సగటున అరగంట అంటిపెట్టుకుని ఉంటుంది. తర్వాత లేస్తుంది, వెళ్లి పక్క గోడ మీద మరో అరగంట కూర్చుంటుంది. ఇలా వేల మజిలీలు చేస్తే గానీ పంపు నోరు దొరకదు. అదే గోడను 150 డిగ్రీలకు వేడిచేస్తే అరగంట కాస్తా సెకనులో యాభయ్యో వంతవుతుంది. వేడి పెరిగేకొద్దీ మజిలీ కాలం మెల్లగా తగ్గదు, కుప్పకూలుతుంది. అందుకే చాంబరుకు వేడి పట్టీలు చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి, ఒకటి రెండు రోజులు ఉడికిస్తారు. దీన్ని బేకింగ్ అనే అంటాం. మామూలు రబ్బరు రింగులు ఆ వేడికి ఆగవు కాబట్టి కత్తి అంచుల మధ్య రాగి గాస్కెట్ నొక్కి బిగిస్తాం, ఒకసారి విప్పితే ఆ రాగి మళ్లీ పనికిరాదు. చేతి తొడుగు లేకుండా లోపల వేలు పెడితే ఆ వేలి జిడ్డు వారాల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. మడి కట్టుకుని వంట చేసిన మా నాయనమ్మకి ఈ నియమాలు ఒక్కటీ కొత్తగా అనిపించేవి కావు, ఆవిడ మాత్రం కారణం చెప్పేది కాదు.

ఈ నీటి గొడవ ప్రయోగశాలలో మొదలు కాలేదు. పాత బల్బులు గుర్తున్నాయా? క్వార్టర్ల వరండాల్లో పసుపు కాంతినిచ్చే బల్బు కొన్నాళ్లకు లోపలివైపు నల్లబడేది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో 1909లో చేరిన ఇర్వింగ్ లాంగ్‌ముయిర్‌కు ఆ నలుపు ఎందుకన్నదే పని. బల్బులో మిగిలిన కాసింత నీటి ఆవిరి కాగిన టంగ్‌స్టన్ తీగ మీద విడిపోతుంది. ఆక్సిజన్ టంగ్‌స్టన్‌ను పట్టుకుని ఆవిరై గాజుకు చేరుతుంది, విడివడిన హైడ్రోజన్ అక్కడ ఆ ఆక్సిజన్‌ను లాక్కుని మళ్లీ నీరవుతుంది. టంగ్‌స్టన్ మాత్రం నల్లగా గాజు మీద మిగులుతుంది. నీరు ఖర్చు కాదు, ఇంకో బరువు మోయడానికి తిరిగి తీగ దగ్గరికి వెళ్తుంది. ఇంత సులువుగా చెప్పేశాను గానీ ఈ చుట్టు తిరుగుడు కనిపెట్టడం ఎంత చూపున్న పనో ఆలోచించండి. లోహపు ముఖం మీద ఒకే అణువు మందాన పొర ఏర్పడుతుందన్న ఊహను నిలబెట్టిందీ ఆయనే. 1932లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇందాకటి పది లక్షల్లో వంతు టార్ ఒత్తిడిలో ఒక సెకను ఉంచితే ముఖం మీద పడే వాయువు మోతాదును ఇవాళ లాంగ్‌ముయిర్ అంటారు. చూశారా, ఆయన పేరు పెట్టిన కొలతలోనే సెకను ఉంది. ఎన్ని గంటల దుమ్మని అడగడమే అది.

శూన్యం ఎంత లోతుందో కొలవడంలోనూ చాలాకాలం మోసపోయారు. అప్పటి గేజ్‌లు టార్‌లో పది కోట్లో వంతు దగ్గర ఆగిపోయేవి. ఎన్ని పంపులు పెట్టినా ముల్లు దిగదు. పంపులే చేతకానివనుకున్నారు. తప్పు గేజ్‌ది. గేజ్ లోపలే పుట్టే మెత్తటి ఎక్స్‌రేలు, అయాన్లను పట్టే కలెక్టర్‌కు తగిలి, లేని వాయువును ఉన్నట్టు చూపిస్తున్నాయని 1947లో నాటింగ్‌హామ్ అనుమానించాడు. 1950లో బేయార్డ్, ఆల్పర్ట్ కలెక్టర్‌ను సన్నటి తీగగా మార్చి, ఎక్స్‌రేలు తగిలే చోటు తగ్గించేసరికి ముల్లు దిగింది. శూన్యం అంతకుముందే ఉంది, చూసే కన్నే లేదు.

ఇదంతా దేనికని అడుగుతారు. ఒక్క ఉదాహరణ చాలు, అదీ ఇనుముదే. రామగుండంలో యూరియాకు అమ్మోనియా చేస్తున్నారంటే, నైట్రోజన్ హైడ్రోజన్‌తో కలిసేది ఇనుప ఉత్ప్రేరకం ముఖం మీద. 20వ శతాబ్దం మొదట్లోనే ఆ పద్ధతి వచ్చింది, కోట్ల టన్నులు చేశారు, కానీ ఆ ముఖం మీద అసలు ఏ అడుగు నెమ్మదో దశాబ్దాల పాటు తేలలేదు. గెర్హార్డ్ ఎర్‌ట్ల్ లోతైన శూన్యంలో శుభ్రమైన ఇనుప స్ఫటికాలు పెట్టి, నైట్రోజన్ అణువు రెండు పరమాణువులుగా చీలడమే నెమ్మది అడుగని తేల్చాడు. ముఖం మురికిగా ఉంటే మురికి గురించి తెలిసేది, ఇనుము గురించి కాదు. 2007లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఇక మన ఇంటికి వద్దాం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అప్పటి నుంచి దేశమంతా రైళ్లు నడిచే పట్టాలకు భిలాయి పేరు. పట్టాకు పెద్ద శత్రువు హైడ్రోజన్. తడిసిన సున్నం, తేమ పట్టిన మిశ్రమ లోహాలు, సరిగ్గా ఆరని ఇటుకలు, అన్నిటి నుంచీ నీరు ఉక్కులోకి పోయి హైడ్రోజన్‌ను వదులుతుంది. ఉక్కు గడ్డకట్టి చల్లారాక ఆ హైడ్రోజన్ లోపల వెంట్రుకంత బీటలు పెడుతుంది. బయటికి కనిపించదు, ఏళ్ల తర్వాత బండి కింద పట్టా విరుగుతుంది. అందుకే పట్టాల ఉక్కు ద్రవంగా ఉన్నప్పుడు అందులో హైడ్రోజన్ పది లక్షల పాళ్లలో 1.6 పాళ్లకు మించకూడదని రైల్వే నియమం.

దానికి స్టీల్ మెల్టింగ్ షాపులో ఉక్కులోంచి వాయువును తీసే డీగ్యాసర్ ఉంది. ఆర్‌హెచ్ అంటారు. లేడిల్‌లో, అంటే ద్రవ ఉక్కు పోసిన పెద్ద తొట్టిలో, రెండు గొట్టపు కాళ్లు దింపి, పైనున్న పాత్రలో గాలి తీసేస్తే, టొరిసెల్లీ గొట్టంలో పాదరసం 76 సెంటీమీటర్లు ఎక్కినట్టే ఇక్కడ కాగుతున్న ఉక్కు సుమారు మీటరున్నర పైకెక్కుతుంది. నాకు ఈ దృశ్యం కంటే గొప్ప భౌతికశాస్త్ర పాఠం తెలియదు. ఒక కాలులో ఆర్గాన్ ఊదితే ఉక్కు అటు ఎక్కి ఇటు దిగుతూ తిరుగుతుంది, ఎక్కిన ప్రతిసారీ కొంత హైడ్రోజన్ వదిలిపెడుతుంది. హైడ్రోజన్ ఉక్కులో జంటగా ఉండదు, విడి పరమాణువులుగా ఉంటుంది. అందువల్ల ఒత్తిడి వందో వంతు చేస్తే కరిగి ఉన్నది పదో వంతుకే తగ్గుతుంది. దీన్ని సీవర్ట్స్ సూత్రమంటారు. మామూలు ఒత్తిడిలో హైడ్రోజన్ వాయువు కింద ద్రవ ఇనుము పది లక్షల్లో పాతిక పాళ్ల దాకా పట్టుకోగలదు. ఒత్తిడిని ఒక టార్‌కు తెస్తే వర్గమూలం లెక్కన ఒక పాలు కంటే కొంచెం తక్కువ. రైల్వే వాళ్ల 1.6 అందేది ఇక్కడే.

మళ్లీ నా ప్రయోగశాలకు వద్దాం. నా చాంబరూ ఉక్కుదే, స్టెయిన్‌లెస్ స్టీలుది. బేక్ చేశాం, నీరు పోయింది, ఒత్తిడి వెయ్యి కోట్లో వంతు టార్‌కు దిగింది. అప్పుడు లోపల మిగిలిన వాయువు ఏమిటని చూస్తే ఎక్కువ భాగం హైడ్రోజనే. ఉక్కు పోతపోసిన నాడు లోపల చిక్కుకున్న పరమాణువులు మెల్లగా గోడ ముఖానికి చేరి, ఇద్దరిద్దరుగా జతకట్టి, బయటికొస్తున్నాయి. దానికి మందు మళ్లీ కొలిమే. చాంబరు గోడలను వాక్యూమ్ కొలిమిలో 950 డిగ్రీల దగ్గర కాల్చి ముందే వదిలించాలి. ఇక్కడ లేడిల్ దగ్గర చెమటోడ్చిన మనిషీ, అక్కడ తెల్లకోటు వేసుకున్న మనిషీ పోట్లాడింది ఒకే వాయువుతో. ఒకరిది ఒక టార్, ఇంకొకరిది వెయ్యి కోట్లో వంతు. తెల్లకోటు వాడికి ఎక్కువ మర్యాద దక్కుతుంది గానీ, టన్నుల కొద్దీ మండే ఉక్కును నిమిషాల లెక్కన శుభ్రం చేయడమే కష్టమైన పనని నా అభిప్రాయం. రెండూ దగ్గర నుంచి చూశాను కాబట్టి అంటున్నాను.

చివరగా ఒక మనవి. వానాకాలంలో హైడ్రోజన్ పెరగకుండా సున్నం ఎలా ఆరబెట్టేవారో, డీగ్యాసర్ కాళ్ల ఇటుకలు ఎప్పుడు మార్చేవారో, వాక్యూమ్ పడకపోతే లీకు ఎక్కడ వెతికేవారో తెలిసిన పెద్దలు ఈ హాల్లోనే ఉన్నారు. పిల్లలతో చెప్పేటప్పుడు తెలుగులోనే చెబుతారు, కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం ఆగిపోతారు. వచ్చే ఏడు ఉపన్యాసానికి నాలాంటివాణ్ణి పిలవకండి. డీగ్యాసర్ దగ్గర నైట్ షిఫ్టు చేసినవాళ్లలో ఒకరిని ఇక్కడ నిలబెట్టండి. ఆయన చెప్పింది రాసుకుని అచ్చు వేయించే ఖర్చు నాది.